వంటింటి ఉత్తరాలు: సీసాలో పెట్టిన సూప్ మిక్స్ ఎందుకు గడ్డ కడుతోంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే సంగతి. పప్పులు, చారుపొడి, ఎండిన ఆకులు కలిపి సీసాల్లో పెట్టుకోవడం, కావలసిన రోజు నీళ్ళు పోసి మరిగించుకుంటే సూప్ రెడీ. పిల్లలు ఊళ్ళు దాటి వెళ్ళాక ప్రతి ఇంట్లోనూ ఈ పని మొదలైంది. కాకపోతే మనది సముద్రం పక్క జిల్లా, మన గాలి వేరు, ఎక్కడో పొడి గాలి ఉన్న ఊళ్ళో చేసిన వీడియో చూసి అలాగే చేసీస్తే ఇక్కడ నిలవదు. అందుకే ఈసారి జవాబులు కాస్త వివరంగా రాస్తున్నాను.

నరసన్నపేట నుంచి ఒక తల్లి: అమ్మా, మా పెద్దోడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. రూమ్‌లో ముగ్గురు గుంటలు ఉంటన్నారు, వంటంటే వాళ్ళకి నూడుల్సే. అందుకని కందిపప్పు, పెసరపప్పు, చారుపొడి, చింతపండు, ఉప్పు, ఎండబెట్టిన టమాటా, పోపు కూడా వేయించి అన్నీ కలిపీసి నాలుగు సీసాలు పంపాను. నెల తిరక్కుండా ఫోన్ చేసి, అమ్మా రాయిలాగ అయిపోనాది, ముక్క వాసన వస్తంది అన్నాడు. ఎక్కడ తప్పు జరిగింది?

చెల్లీ, మీ చేతివాటంలో ఏ తప్పూ లేదు. తప్పంతా మీరు రాసిన ఆ లిస్టులోనే ఉంది. ఉప్పు, చింతపండు, టమాటా, పోపు, ఈ నాలుగూ సీసాలోంచి తీసీయండి, మిగతాది నిక్షేపంలా నిలవుంటుంది.

ముందు ఉప్పు సంగతి. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ గాలిలోంచి నీళ్ళు లాక్కోవడం మొదలెడుతుంది. ఆషాఢం, శ్రావణంలో మన వంటింట్లో ఉప్పు డబ్బా ఎలాగుంటుందో మీకు తెలుసు కదా, చెంచా దిగదు. మీరు సీసా నింపిన రోజున, తర్వాత మూత తీసిన ప్రతిసారీ ఉప్పు ఆ తేమ తాగి పక్కనున్న చారుపొడికి అంటించింది, పొడి ముద్దయింది, ఆ ముద్దలోంచే ముక్క వాసన. ఉప్పు మీ అబ్బాయి రూమ్‌లోనే ఉంటుంది, వండినప్పుడు వేసుకుంటాడు.

చింతపండు ఎంత ఎండినా లోపల జిగురు, తడి ఉంటాయి. పైగా పులుపు తగిలితే పప్పు మెత్తబడదు, అందుకే మన అమ్మలు పప్పు ఉడికాకే పులుసు పోసేవారు. ఎండు టమాటా కూడా అంతే, పులుపూ ఉంది, తేమా లాగుతుంది. ఈ రెండూ వేరే చిన్న కవర్లలో కట్టి పంపండి, పప్పు మెత్తబడ్డాక వెయ్యమని చెప్పండి. ఇక పోపులో నూనె. నూనె తగిలిన పొడి నెల దాటాక కారు వాసన కొడుతుంది. జీడిపప్పు, ఎండుకొబ్బరి కూడా ఇదే దారి, పలాస జీడిపప్పు ఇంట్లో ఉంది కదా అని వేసీకండి, దానిలోనూ నూనే.

ఇప్పుడు నేను చేసే కొలత చెప్తాను. పావు లీటరు గాజు సీసాకి 100 గ్రాముల మైసూరుపప్పు (ఎర్రగా ఉంటుందే అది), 50 గ్రాముల పెసరపప్పు, రెండు చెంచాల కొర్రలు. పెసరపప్పు నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించాలి. మైసూరుపప్పు ఎందుకంటే కుక్కర్ లేకపోయినా మామూలు గిన్నెలో 15, 20 నిమిషాల్లో ఉడికిపోతుంది, కందిపప్పుకి కుక్కర్ కావాలి, రూమ్‌లో గుంటలకి అంత ఓపిక ఉండదు. ఈ సీసాకి ఆరు గ్లాసుల నీళ్ళు పోస్తే ముగ్గురు కడుపునిండా తాగొచ్చు.

చారుపొడికి గ్లాసు ధనియాలు, అర గ్లాసు కందిపప్పు, పావు గ్లాసు మిరియాలు, పావు గ్లాసు జీలకర్ర, అర చెంచా మెంతులు, పది ఎండుమిరపకాయలు, రెండు గుప్పెళ్ళ కరివేపాకు. దేనికది విడిగా వేయించాలి, అన్నీ ఒకేసారి మూకుట్లో వేస్తే ధనియాలు వేగేలోపు జీలకర్ర మాడిపోతుంది. మిక్సీ పట్టాక పొడి వేడెక్కుతుంది, ఆ వేడి మీద సీసాలో పోసి మూత పెట్టకండి, పళ్ళెంలో పరిచి అరగంట ఆరనివ్వండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. పప్పు, పొడి కలిపీస్తే ఆ పిల్లాడు పప్పు కడగడం ఎలాగ? కడిగితే పొడంతా నీళ్ళలో పోతుంది, కడక్కపోతే కొట్లో తెచ్చిన పప్పు దుమ్ముతోనే ఉడుకుతుంది. కొందరు ముందే పప్పు కడిగి ఎండలో ఆరబెట్టి వేయిస్తారు, అది మంచిదే గానీ రెండు రోజులు గట్టి ఎండ ఉండాలి. నాకైతే పొట్లం పద్ధతే నచ్చుతుంది. రెండు చెంచాల చారుపొడి, అర చెంచా పసుపు, గుప్పెడు ఎండు మునగాకు ఒక చిన్న కవర్లో మడిచి పప్పు మీద పెట్టి మూత బిగించండి. వాడు పొట్లం తీసి పక్కన పెట్టుకుని, పప్పు కడిగి, ఉడికాక పొట్లం విప్పుతాడు.

మునగాకు నీడలోనే ఆరాలి, ఎండలో పెడితే రంగు పోయి గడ్డిలాగ అవుతుంది. డాబా మీద గదిలో నూలు బట్ట పరిచి ఆకు పల్చగా జల్లి, మూడు నాలుగు రోజులు, రోజుకోసారి చేత్తో తిప్పాలి. ఆరిందో లేదో చూడ్డానికి నేను గుప్పెట్లో తీసుకుని చెవి దగ్గర పెట్టి నలుపుతాను. గలగలమని విరిగి అరచేతిలో పొడయితే అయినట్టు. మెత్తగా నలిగి వేళ్ళకి అంటుకుంటే ఇంకా ఒక రోజు. ఆరిందనుకున్న ఆకుని కూడా వెంటనే పొట్లాలు కట్టీకుండా ఒక ఖాళీ సీసాలో వారం రోజులు ఉంచి, రోజూ ఊపుతూ గాజు లోపలి వైపు చూడండి. మంచు పట్టినట్టు చిన్న మసక కనిపించిందంటే ఆకులో ఇంకా తడి ఉన్నట్టే, మళ్ళీ ఆరబెట్టాల్సిందే. ఈ వారం ఓపిక పడితే ఆరు నెలలు బెంగ ఉండదు. ఇవన్నీ ఆరబెట్టుకోడానికి మనకి సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి రోజులు.

అబ్బాయికి ఒక మాట చెప్పండి, పొయ్యి మీద గిన్నె మరుగుతుంటే ఆ ఆవిరి మీద సీసా వంచి పొయ్యొద్దు, పక్కకొచ్చి తడి లేని చెంచాతో తీసుకోమనండి.

బొబ్బిలి నుంచి ఒక పాఠకురాలు: వదినగారూ, సీసా మూత గట్టిగానే పెట్టాను, అయినా రెండు నెలలకి పెసరపప్పులో పురుగులు వచ్చీసాయి, పప్పంతా పుచ్చులు. బయట్నుంచి ఎలా దూరాయో అర్థం కాలేదు. వేపాకు కూడా వేసాను.

బయట్నుంచి దూరలేదమ్మా, అవి లోపలే ఉన్నాయి. కొట్లోంచి తెచ్చినప్పుడే పప్పులో గుడ్లు ఉంటాయి, కంటికి కనిపించవు, సీసాలో వెచ్చగా కూర్చుని పొదుగుతాయి. మూత ఎంత గట్టిగా పెడితే ఏం లాభం. వేపాకు కొత్త పురుగు రాకుండా కొంత అడ్డమేమో గానీ ఉన్న గుడ్డుని చంపలేదు, పైగా ఆకు పచ్చిగా వేసారంటే దాని తడి కూడా పప్పుకే.

ఫ్రిజ్ ఉంటే పైన ఐస్ పెట్టుకునే గడిలో పప్పు కవర్‌తో సహా నాలుగు రోజులు ఉంచండి, గుడ్లు చచ్చిపోతాయి. కానీ తీసిన వెంటనే కవర్ విప్పకండి. చల్లటి పప్పుకి మన గాలి తగిలిందంటే చెంబు మీద చెమట పట్టినట్టు పప్పంతా నీళ్ళు పట్టేస్తుంది. ఆ పూటంతా బయట వదిలీసి, చల్లదనం పూర్తిగా పోయాక విప్పి సీసాలో పోసుకోండి. ఫ్రిజ్ లేకపోతే వేయించడమే మార్గం, మైసూరుపప్పు కూడా సన్న మంట మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా తిప్పి చల్లార్చి పోసుకోవచ్చు. కందిపప్పుకి ఆముదం పట్టించి దాచుకునే మన పాత పద్ధతి బస్తా పప్పుకి చాలా మంచిది, ఈ సీసాలకి మాత్రం వద్దు, పొడి అతుక్కుపోతుంది.

పార్వతీపురం నుంచి ఒక డిగ్రీ స్టూడెంట్: మేడం, హాస్టల్లో ఎలక్ట్రిక్ కెటిల్ ఒకటే ఉంది. రాజ్‌మా, బార్లీ, పప్పులు రంగురంగులుగా సీసాలో నింపిన సూప్ మిక్స్ వీడియోలో చూసాను. కెటిల్లో వండుకోవచ్చా?

వద్దు నాన్నా, రాజ్‌మా అసలొద్దు. సరిగ్గా ఉడకని రాజ్‌మాలో కడుపుని పాడుచేసే విషపదార్థం ఉంటుంది, నాలుగైదు గింజలు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం అరగంట సలసలా మరిగించాలి, లేదా కుక్కర్లో మెత్తగా ఉడికించాలి. కెటిల్ మరగ్గానే దానంతటదే ఆగిపోతుంది, ఆ కాస్త వేడికి రాజ్‌మా ఉడకదు, ఉడికినట్టు కనిపిస్తుందంతే. మామూలు పప్పు వేసినా పొంగిపోయి అడుగు మాడి కెటిల్ పాడవుతుంది.

నీకు కావలసింది వేడినీళ్ళు పోస్తే చాలనిపించే పొడి. పుట్నాలపప్పు ముందే వేయించి ఉంటుంది కాబట్టి మళ్ళీ ఉడికించక్కర్లేదు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మని అడిగి రెండు గ్లాసుల పుట్నాలు, ఒక గ్లాసు కరకరలాడేలా వేయించిన అటుకులు, నాలుగు చెంచాల చారుపొడి, గుప్పెడు ఎండు మునగాకు కలిపి మెత్తగా పట్టించుకో. కప్పులో మూడు చెంచాలు వేసి, ముందు కొంచెం చల్లటి తాగేనీళ్ళతో ఉండలు లేకుండా కలిపి, తర్వాత మరిగిన నీళ్ళు పోసి అయిదు నిమిషాలు మూత పెట్టు. ఉప్పు, నిమ్మరసం అప్పుడు. చోడిపిండి (రాగిపిండి) ఇష్టమైతే అది ఇంటి దగ్గర పొయ్యి మీద కాచుకోవలసిందే, కప్పులో నీళ్ళు పోస్తే పచ్చివాసన పోదు.

విజయనగరం నుంచి ఒక గృహిణి: మా ఆడపడుచు గృహప్రవేశానికి ఇలాంటి సీసాలు వరసలు వరసలుగా పేర్చి ఇద్దామనుకుంటున్నాను. ఓవెన్లో సీసాలు వేడి చేసి మూత పెడితే సీల్ అయిపోయి ఏళ్ళ తరబడి ఉంటాయంటున్నారు, నిజమేనా?

ఓవెన్ జోలికి వెళ్ళకండి. అది పొడి వేడి, గాజు అంతటా సమానంగా వేడెక్కదు, సీసా చిట్లి చేతులు తెగుతాయి. పప్పులో దాగిన తడి కూడా వేడికి పైకొచ్చి మూత కింద చేరుతుంది. ఎండిన సరుకుకి సీల్ అక్కర్లేదు, మూత గట్టిగా పట్టాలంతే.

పేర్చడానికి సన్నగా ఉండేవి అడుక్కి, లావుగా ఉండేవి పైకి. కొర్రలు పైన పోస్తే పప్పు సందుల్లోంచి జారి వరస కలిసిపోతుంది. ఒక్కో వరసకి సీసాని మడిచిన తువ్వాలు మీద మెల్లగా తట్టి సర్దండి. పచ్చడి సీసాలు వాడుకుంటే మూత లోపలి రబ్బరుకి నూనె వాసన పోదు, కొత్త మూత కొనండి. ఇచ్చే సీసా మీద ఏ రోజు నింపారు, ఎన్ని నీళ్ళు, ఎంతసేపు, ఉప్పు పులుపు చివర్న అని కాగితం మీద రాసి అతికించండి, లేకపోతే అలమరలో అందానికి ఉండిపోతుంది.

ఉద్దానం పల్లె నుంచి ఒక చెల్లి: మా ఆయనకి కిడ్నీ జబ్బు, డయాలసిస్ ఇంకా మొదలవ్వలేదు. ఇంట్లో చేసింది కదా, ఈ మునగాకు సూప్ బలమని ఇవ్వొచ్చా?

తల్లీ, డాక్టర్ని అడక్కుండా ఇవ్వకండి. మనకి బలమైనదే ఆయనకి బరువవుతుంది. పప్పు, మునగాకు, టమాటా, ఈ మూడింట్లోనూ పొటాషియం ఉంది, ఆకు ఎండి పొడయ్యాక గుప్పెట్లో ఇంకా చిక్కబడుతుంది. ఉప్పు తగ్గించమన్నారని కొట్లో దొరికే సోడియం తక్కువ ఉప్పు తేకండి, చాలావాటిలో సోడియం బదులు పొటాషియమే కలుపుతారు. ఈసారి రక్త పరీక్ష కాగితాలు తీసుకెళ్ళినప్పుడు, రోజుకి పప్పు ఎంత, ఏ ఆకు కూర, అని పేరు పేరునా అడిగి రాయించుకోండి.

సోంపేట నుంచి ఒక తాతగారు: తుపాను రోజులకి ఇలాంటివి ఎన్ని ఉంచుకోవాలి?

బాబుగారూ, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీరు ఉద్దానంలోనే ఉండి ఉంటారు, మీకు నేను చెప్పేదేముంది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగి, దారులు మూసుకుపోయి, రోజుల తరబడి కరెంట్ లేదు. మా ఇంట్లో ఆ రోజుల్లో మిక్సీ తిరగలేదు, ఫ్రిజ్‌లో కూరగాయలు కుళ్ళిపోయాయి, ముందే దంచి పెట్టిన చారుపొడి, రెండు డబ్బాల పప్పుతోనే నెట్టుకొచ్చాం. అప్పట్నుంచే నేను సీసాలు నింపడం మొదలెట్టాను.

నలుగురున్న ఇంటికి రోజుకి ఒక సీసా లెక్కన అయిదు ఉంచండి. సీసాకి ఆరు గ్లాసుల తాగేనీళ్ళు కావాలి, పప్పు నానబెట్టి కడగడానికి ఇంకో రెండు, బోరు మోటార్ కరెంట్ మీదే నడుస్తుంది కాబట్టి హెచ్చరిక రాగానే ఆ నీళ్ళు కూడా బిందెల్లో పట్టి మూత పెట్టుకోవాలి. పప్పు కడిగి గంట నానబెట్టి వండితే గ్యాస్ మిగుల్తుంది. భాద్రపదంలో ఒకసారి కాగితం మీద తేదీలు చూసి, ఆరు నెలలు దాటినవి వండుకుని, కొత్తవి నింపండి. పాత పప్పు చెడిపోకపోయినా ఎంత మరిగించినా గట్టిగానే ఉంటుంది, గ్యాస్ దండగ. ఖాళీ అయిన సీసాలు కడిగాక గుడ్డతో తుడిచి వదిలీకండి, మూత వేరే, సీసా వేరే ఒక పూట ఎండలో పెట్టండి, మూత మరల్లో నీటి చుక్క దాక్కుంటుంది.