పెట్రోలు 20 డాలర్లకు, ఖాతాలో తగ్గింది 100

ప్రశ్న: డాలస్‌కు వచ్చి మూడు వారాలైంది. 20 డాలర్ల పెట్రోలు పోయించుకుంటే డెబిట్ కార్డు ఖాతాలో 100 డాలర్లు తగ్గినట్టు చూపిస్తోంది. ఎవరైనా మోసం చేశారా?

మోసం కాదు తమ్ముడూ. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి మొదటి దెబ్బ పంపు దగ్గరే తగులుతుంది. నాకు తగిలినంత గట్టిగా నీకు తగలకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

2011 ఆగస్టు నెలాఖరు. ఖాతాలో 610 డాలర్లు ఉన్నాయి. 550 డాలర్ల అద్దె చెక్కు అప్పటికే ఇచ్చేశాను. స్నేహితుడి కారులో 18 డాలర్ల 40 సెంట్ల పెట్రోలు పోయించి, నా డెబిట్ కార్డుతో కట్టాను. అద్దె పోగా ఇంకా 41 డాలర్లు మిగులుతాయని లెక్క వేసుకున్నాను. పంపు మాత్రం 75 డాలర్లు పట్టి ఉంచింది. మర్నాడు చెక్కు బ్యాంకుకు చేరేసరికి వాడుకోవడానికి ఉన్నది 535. చెక్కు తిరిగొచ్చింది. బ్యాంకు 35, అపార్ట్‌మెంటు ఆఫీసు 30 వసూలు చేశాయి. 65 డాలర్లంటే అప్పటి లెక్కలో మూడు వేల రూపాయలు, అదీ నాన్నగారు అప్పు తెచ్చి పంపిన సొమ్ము. ఆ రాత్రి వంటగదిలో నేల మీద కూర్చుని రసీదును ఎన్నిసార్లు చూశానో. అందులో 18.40 తప్ప 75 అన్న అంకె ఎక్కడా లేదు.

ఎవరూ చెప్పకపోయినా తర్వాత నేనే తెలుసుకున్నాను. నువ్వు ఎంత పోయించుకుంటావో పంపుకు ముందు తెలియదు. అందుకే 'ఇతని దగ్గర ఇంత ఉందా?' అని నీ బ్యాంకును అడుగుతుంది. బ్యాంకు సరేనని ఆ మొత్తానికి తాళం వేస్తుంది. ఇప్పుడది 175 డాలర్ల దాకా ఉండవచ్చు. నువ్వు పోయించుకున్న అసలు అంకె బ్యాంకుకు వెళ్లాకే ఆ తాళం తీస్తారు. లోపలికి వెళ్లి 'నాలుగో పంపుకు 20 డాలర్లు' అని ముందే కట్టేస్తే ఈ బెడదే ఉండదు. నేను ఏళ్ల తరబడి అలాగే చేశాను.

ఇప్పుడు నాకో సరుకుల దుకాణం ఉంది కాబట్టి అవతలి వైపు సంగతీ తెలుసు. రాత్రి దుకాణం మూసేటప్పుడు ఆ రోజు కార్డు లెక్కలన్నీ ఒకేసారి పంపుతాను. డబ్బు నా ఖాతాకు చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డుతో 100 డాలర్లు కడితే నాకు దక్కేది సుమారు 97. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఆ కార్డు ఇచ్చిన బ్యాంకుదే. క్రెడిట్ కార్డుకు కనీసం 10 డాలర్ల కొనుగోలు ఉండాలని దుకాణదారు అడిగితే గొడవ పడకు. అది 2010 నుంచి చట్టం ఒప్పుకున్నదే.

ఇక్కడ చాలా చోట్ల ఓటీపీ అడగరు. డెబిట్ కార్డు పోతే రెండు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పు. మిగతా నిబంధనలు బ్యాంకు కాగితాల్లో ఉంటాయి, చదువుకో.

ఒకటి రెండు రోజుల్లో ఆ 100 పోయి 20 కనిపిస్తుంది. అంతవరకు రసీదు దాచుకో. అద్దె చెక్కు ఇచ్చి ఉంటే మాత్రం, ఈరోజే ఎవరి దగ్గరైనా 80 డాలర్లు తీసుకుని ఖాతాలో వెయ్యి.