సింధుకు, బఫర్ల విషయమై

చి. సింధుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోను చేసింది. "అక్కా, కారులో పెట్టే ఏదో బోర్డుకు డ్రైవరు మొత్తం దీని చేతికే ఇచ్చారట" అంటూ ఒకటే మురిసిపోయింది. నేనూ మురిశాను. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లయిందని, అప్పుడే చిప్పులు రెండు తీగల మీద మాట్లాడుకునే ఐ2సి బస్సుకు గెస్టు (వర్చువల్ మెషీన్) పక్క డ్రైవరూ, దాన్ని నడిపే హోస్టు పక్క అసలు పని చేసిపెట్టే బ్యాకెండూ రెండూ నీకే అప్పగించారు! ఆ సంతోషం నువ్వు కాగితం మీద గీసి తనకు పంపిన బొమ్మ నా ఫోనుకు వచ్చేదాకా నిలిచింది. అందులో కుడివైపు మూలన, చీమ తలంత అక్షరాలతో "1 సెకను దాటితే బఫర్ ఫ్రీ" అని, అంటే సెకనులో జవాబు రాకపోతే డేటా కోసం పెట్టుకున్న మెమరీని విడుదల చేసేస్తానని రాశావు చూడు, అది చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. గెస్టులను నడిపే మీ హైపర్‌వైజర్ ఎంత సొంతదైనా సరే, గెస్టూ హోస్టూ మాట్లాడుకునే పద్ధతిని చెప్పే వర్టియో నిర్దేశంలో ఐ2సికి ప్రత్యేకంగా అధ్యాయం ఉంది, దాన్నే అనుసరించు. అభ్యర్థనలు పెట్టే వరుస, అదే రింగు, కొత్తది కనిపెట్టకు. ఒక్కొక్క హైపర్‌వైజర్‌కు ఒక్కొక్క డ్రైవర్ల గుంపు ఎందుకన్న విసుగుతోనే రస్టీ రస్సెల్ 2008లో వర్టియో పత్రం రాసింది. ఒక్కో బఫర్ చిరునామా, పొడవు చెప్పే డిస్క్రిప్టర్ల గొలుసులో పరికరం చదివే బఫర్లు ముందు, అది రాసేవి తర్వాత. స్టాక్ మీది వేరియబుల్ చిరునామా ఇవ్వకు, లైనక్స్ 4.9 నుంచి స్టాక్ వీమాలోక్ మెమరీలో (భౌతికంగా విడివిడిగా ఉన్న పేజీలను వరుసగా చూపేది) ఉండే వీలుంది, అప్పుడు దాని భౌతిక చిరునామా నువ్వనుకున్న చోట ఉండదు. పొడవు సున్నా ఉన్న సందేశానికి డేటా డిస్క్రిప్టరే పెట్టకు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

బొమ్మలో ఇంకొకటి చూశాను. 8 బైట్ల హెడర్, ఆ వెంటనే డేటా, దాని తోకకు పని అయిందో లేదో చెప్పే 1 బైటు స్టేటస్, అన్నీ ఒకే స్ట్రక్చరులో ఇరికించావు. పొదుపు చేశాననుకున్నావు కదూ. నేను పని నేర్చుకున్న బోర్డు మీద మొత్తం ర్యామ్ 32 కిలోబైట్లు. ఎవరైనా ఒక స్ట్రక్చరులో రెండు బైట్లు మిగిలిస్తే మా సెక్షన్ పెద్దాయన క్యాంటీన్‌కు తీసుకెళ్లి కాఫీ ఇప్పించేవాడు. అలా కాఫీలు తాగి పెరిగినదాన్ని, నేనే చెబుతున్నాను: ఇక్కడ పొదుపు వద్దు. ఆ ఒక్క బైటుకు ఒక కాష్ లైను (ప్రాసెసర్ కాష్‌లోకి ఒక్కసారిగా తెచ్చుకునే ముక్క) మొత్తం ఇచ్చెయ్యి. 64 బైట్లు పోతాయి, పోనీ. అవతల ఉన్నది కాష్‌తో పొందిక లేని హార్డ్‌వేర్ అయితే, పరికరం స్టేటస్ రాసే సమయంలోనే ప్రాసెసర్ అదే లైనులోని పక్క వేరియబుల్‌ను మార్చిందనుకో. కాష్‌లోని పాత లైను మెమరీకి వెళ్లి పరికరం రాసినదాన్ని తుడిచేస్తుంది. లైనక్స్‌లో ఉన్న వర్టియో ఐ2సి డ్రైవరు కూడా హెడరునూ స్టేటస్‌నూ వేర్వేరు కాష్ లైన్లలోనే పెట్టుకుంటుంది, తెరిచి చూడు.

స్టేటస్ గురించే మరో మాట. ఆ నిర్దేశంలో 0 అంటే విజయం, 1 అంటే వైఫల్యం. నువ్వు సున్నాలు నింపిన మెమరీ తీసుకుంటావు. అంటే పరికరం ఇంకా ఏమీ చెయ్యకముందే అక్కడ "విజయం" అని రాసి ఉంటుంది! పంపే ముందు ఆ బైటులో నీ చేత్తో వైఫల్యం రాసి పంపు. ఒక్క లైను కోడు.

ఇక ఆ మూలన రాసిన సెకను.

నేను ఒక కంపెనీలో ఉన్నప్పుడు, పేరెందుకులే, మా పక్క జట్టు సరిగ్గా ఇలాంటి డ్రైవరే రాసింది. చదవడానికి ముచ్చటైన కోడు. అభ్యర్థన రింగులో పెట్టడం, గంట కొట్టి హోస్టుకు చెప్పడం, ఒక సెకను ఎదురుచూడటం, జవాబు రాకపోతే టైమౌట్ అని పైవాళ్లకు చెప్పి బఫర్ విడుదల చెయ్యడం. సెకను చాలదా అంటావు. తీగ లెక్క చూస్తే ఎక్కువే. 100 కిలోహెర్ట్జ్ బస్సు మీద బైటుకు 9 క్లాకులు, అంటే 90 మైక్రోసెకన్లు. ఉష్ణోగ్రత సెన్సార్ నుంచి రెండు బైట్లు తేవాలంటే చిరునామాలతో కలిపి అయిదు బైట్లు, అర మిల్లీసెకనులోపు పని. కానీ గెస్టుకూ తీగకూ మధ్య ఒక హోస్టు ప్రాసెస్ ఉంది. దానికి ప్రాసెసర్ ఎప్పుడు దొరుకుతుందో గెస్టుకు తెలియదు. హోస్టు మీద వేరే పని పెరగవచ్చు, ఎవరో బ్యాకెండ్‌ను డీబగ్గర్‌లో ఆపి ఉండవచ్చు. తీగ మీద కూడా, చిప్ క్లాకును కిందికి లాగిపెట్టి ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఐ2సిలో దానికి గడువు లేదు. దాని తోబుట్టువు ఎస్ఎంబస్‌లోనే 25 నుంచి 35 మిల్లీసెకన్లని కట్టడి పెట్టారు.

ఆ గెస్టు ఎప్పుడో ఒకసారి కుప్పకూలేది. ఒకనాడు ఫైల్ సిస్టంలో, మరొకనాడు నెట్‌వర్క్ కోడులో. కూలినప్పుడు మిగిలే ఏ ట్రేసులోనూ ఐ2సి పేరు లేదు. ఫైల్ సిస్టం చూసే పిల్ల ఒకతి, నీ వయసే, ప్రతి సమావేశంలోనూ తిట్లు తినేది. కెర్నల్‌లో మెమరీ తప్పులు పట్టే కాసన్ పెట్టి చూశారు, అది కిక్కురుమనలేదు. అంటుందా మరి? కాసన్ గెస్టు కెర్నల్ కోడు చేసే రాతలను పట్టుకుంటుంది. హోస్టు బయటి నుంచి వచ్చి రాస్తే దానికి ఏం తెలుస్తుంది? పరికరాలు ఏ మెమరీ ముట్టుకోవచ్చో కట్టడి చేసే ఐఓఎంఎంయూ అడ్డు కూడా మధ్యలో లేదు, బ్యాకెండ్‌కు గెస్టు మెమరీ మొత్తం తెరిచే ఉంది.

చివరికి స్లబ్ పాయిజనింగ్ పెట్టించాను. విడుదలైన మెమరీనంతా కెర్నల్ 6బి (పదహారు ఆధారపు లెక్కలో) అనే బైటుతో నింపుతుంది కదా, అది చెదిరితే కేక పెడుతుంది. పెట్టింది. ఆ డంప్‌ను ప్రింటు తీయించి బల్ల మీద పరిచాను. వరుస తర్వాత వరుస 6బి 6బి 6బి. ఒక్క చోట మాత్రం 1సి 80. ఎవరి రెండు బైట్లు ఇవి? ఎల్ఎం75 సెన్సార్ ఉష్ణోగ్రతను అలాగే ఇస్తుంది, మొదటి బైటు పూర్తి డిగ్రీలు, రెండో బైటు పై బిట్టు అర డిగ్రీ. 1సి అంటే 28, 80 అంటే అర. ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీలు. ఆ వారం మా ల్యాబులో ఏసీ చెడిపోయి ఉంది. విడుదలైపోయిన మెమరీలో మా గది వేడి కూర్చుని ఉంది సింధూ!

అర్థమైంది కదా. గెస్టు విసిగి బఫర్ వదిలేసింది, ఆ జాగాను కెర్నల్ ఫైల్ సిస్టంకు ఇచ్చింది. హోస్టు ఆలస్యంగానైనా తన పని నిజాయితీగా పూర్తిచేసి, తనకిచ్చిన చిరునామాలో రెండు బైట్లు రాసి వెళ్లింది. కౌలుకిచ్చిన పొలాన్ని పంట మీద ఉండగానే ఇంకొకరికి అమ్మేసినట్టు. కౌలుదారు తప్పేముంది?

నాకు ఒళ్లు మండింది మాత్రం ఆ తర్వాత జరిగినదానికి. అన్నీ విని, ఆ జట్టు పెద్దాయన సెకనును అయిదు సెకన్లు చేయించి బగ్ మూసేశాడు. అయిదు సెకన్లు! ప్రమాదం అరుదైంది, అంతే. అరుదైన కొద్దీ దొరకడమూ కష్టమైంది. ఇప్పుడు తలచుకున్నా బీపీ పెరుగుతుంది.

నువ్వు రాసినదానికి సిగ్గుపడకు, తల్లీ. 2021లో లైనక్స్ 5.15లోకి వచ్చిన వర్టియో ఐ2సి డ్రైవరులోనూ మొదట టైమౌట్ ఉండేది. గెస్టు విడుదల చేసిన బఫర్ల మీద పరికరం ఇంకా పని చేస్తూ ఉండవచ్చని గుర్తించి, ఆ తర్వాత కొద్దికాలానికే దాన్ని తీసేశారు. అందరూ చూసే కోడులోనే దొర్లింది.

అయితే ఏం చెయ్యాలి? నా ఓటు గడువును హోస్టుకు ఇవ్వడానికే. తీగ దగ్గర ఉన్నది అది. చిప్ మొండికేస్తే అదే ఆపి, స్టేటస్‌లో వైఫల్యం రాసి బఫర్ తిరిగి ఇవ్వాలి, గెస్టు ఎదురుచూడాలి. గెస్టులో ఒక టాస్కు ఆగిపోయి నిలబడితే అందరికీ కనిపిస్తుంది. ఎవరి మెమరీయో చెడిపోతే ఎవరికీ కనిపించదు. మీ మేనేజరు గెస్టులో కూడా గడువు ఉండి తీరాలంటే, అడిగినవాడికి "కాలేదు" అని చెప్పు, అభ్యర్థనను మాత్రం వదలకు. పరికరం రింగులో తిప్పి ఇచ్చినప్పుడే విడుదల చెయ్యి. దానికోసం పైవాళ్ల బఫర్ నేరుగా ఇవ్వకుండా నీ సొంత బఫర్‌లోకి నకలు తీసుకోవాలి. నకలు ఖర్చంటావేమో, బైటుకు 90 మైక్రోసెకన్లు పట్టే బస్సు మీద నాలుగు బైట్ల నకలుకు ఏడవకు. ఇలా అనాథలైన అభ్యర్థనలు రింగు నిండేదాకా పేరుకోవచ్చు కాబట్టి, సంఖ్యకు హద్దు పెట్టి, దాటితే పరికరాన్ని రీసెట్ చెయ్యి. రీసెట్ పూర్తయ్యాక మిగిలిన బఫర్లు నీవే. డ్రైవరును తొలగించేటప్పుడూ అదే వరుస: ముందు రీసెట్, తర్వాతే విడుదల.

ఇందులో నకలుతో తీరనిది ఒకటుంది. గడువు దాటిందని చెప్పిన రాత సందేశం ఆ తర్వాత నిజంగానే తీగ మీదికి వెళ్లవచ్చు. పైవాళ్లు మళ్లీ ప్రయత్నిస్తే కరెంటు పోయినా డేటా నిలిచే ఈఈప్రామ్‌లో రెండుసార్లు రాస్తారు. అందుకే గెస్టు గడువు నాకు నచ్చదు.

హోస్టు పక్క రాసేటప్పుడు కాస్త అనుమానపు మనిషిగా మారు. గెస్టు ఇచ్చిన పొడవును షేర్డ్ మెమరీ నుంచి ఒక్కసారే చదివి, నీ దగ్గర నకలు పెట్టుకుని, ఆ నకలునే పరీక్షించి, ఆ నకలునే వాడు. పరీక్షకొకసారి, వాడకానికొకసారి చదివితే మధ్యలో గెస్టు దాన్ని మార్చగలదు. 2015 డిసెంబరులో జెన్ అనే హైపర్‌వైజర్ వాళ్ల 155వ భద్రతా హెచ్చరిక దీని గురించే. కోడులో ఒక్కసారే చదివినట్టు కనిపించినా కంపైలర్ రెండుసార్లు చదివే సూచనలు పుట్టించవచ్చు, కాబట్టి కంపైలర్ ఒక్కసారే చదివేలా వొలటైల్‌గా చదివించు. అదే ఏడాది మే నెలలో బయటపడిన వెనం అనే లోపం సంగతి చదివావా? క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఎవరూ వాడని ఫ్లాపీ కంట్రోలర్, 512 బైట్ల బఫర్, దానిలో ఎక్కడున్నామో చెప్పే సూచిక కొన్ని ఆదేశాల తర్వాత మొదటికి రాకపోవడం. గెస్టులోంచి హోస్టులోకి దారి తెరుచుకుంది. సందేశం పొడవుకు నువ్వే ఒక పైహద్దు పెట్టు; లైనక్స్ యూజర్ ప్రోగ్రాముల ఐ2సి సందేశాలకు 8192 బైట్లని పెట్టుకుంది, మీ సెన్సార్లకు అందులో పదో వంతు కూడా ఎక్కువే.

పరీక్ష ఎలా చెయ్యాలో కూడా చెబుతాను, లేకపోతే రెండు వారాల్లో అయిపోతుందని మీ అమ్మతో అన్నట్టే మీ మేనేజరుతోనూ అనేస్తావు. బ్యాకెండ్‌లో కావాలనే కొన్ని జవాబులు గడువు దాటేలా ఆపు. గెస్టులో స్లబ్ పాయిజనింగ్ పెట్టు, కాసన్ ఒక్కదాన్నే నమ్మకు. జవాబు రాకముందే డ్రైవరును తొలగించి చూడు. రాత, చదువు జంటగా ఉన్న సందేశాల్లో మొదటిది విఫలమైతే రెండోది తీగ మీదికి పోకూడదు, అదీ చూడు. రాత్రంతా తిరగనివ్వు, నువ్వు మాత్రం ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకో. మొన్న ఫోటోలో మరీ చిక్కిపోయావు.

తీగల మీది సంకేతాలు చూపే నా లాజిక్ అనలైజర్ బీరువాలో ఊరికే పడి ఉంది. మీ అన్నయ్య వచ్చే నెల అటు వస్తున్నాడు, వాడి చేతికిచ్చి పంపుతాను. పసుపు తీగ క్లిప్పు వదులైంది, క్లాకు తీగ ఎస్‌సీఎల్‌కు దాన్ని వాడకు. బొమ్మ మార్చాక నాకే నేరుగా పంపు, మీ అమ్మ చేత ఫార్వర్డ్ చేయించకు, ఫోటో మసకబారిపోయి చదవడానికి కళ్లజోడు మీద భూతద్దం పెట్టాల్సి వచ్చింది.

ఇట్లు,
పెద్దమ్మ