‘టికెట్ ఆయనకే ఎందుకిచ్చారు?’ అని వీధిలో అడిగితే

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మా పార్టీ బూత్ కన్వీనర్‌ని. ఎమ్మెల్యే టికెట్ మా వీధివాళ్లు అనుకున్న మనిషికి రాలేదు, వేరే ఆయనకిచ్చారు. ఏ ఇంటికి వెళ్లినా ‘ఈయనెవరండీ, ఈయనకెందుకిచ్చారు?’ అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: ముందుగా ‘అధిష్ఠానం నిర్ణయమండీ’ అన్న మాట మానేయండి. ఆ మాట విన్నవాళ్లు మీకూ ఏమీ తెలియదని తేల్చేసుకుంటారు. ఆ తర్వాత మీరెంత చెప్పినా చెవికెక్కదు.

మన పార్టీల్లో కార్యకర్తలు ఓట్లేసి అభ్యర్థిని ఎన్నుకునే పద్ధతి లేదు. ఫోన్ సర్వేలు, ఇన్‌ఛార్జిల నివేదికలు, పొత్తులో సీట్ల సర్దుబాటు, ఖర్చు పెట్టుకోగల స్తోమత, సామాజిక సమీకరణ అన్నీ కలిసి టికెట్ తేలుతుంది. జనానికి ఇది తెలియనిదేం కాదు. మీ నియోజకవర్గంలో వీటిలో ఏది ఎక్కువ పనిచేసిందో పైవాళ్లను అడిగి తెలుసుకుని, ఉన్నదున్నట్టు చెప్పండి. సమీకరణ గురించి వివరించవచ్చు గానీ ‘మనవాడు, మన కులం, వేసెయ్యండి’ అన్నారంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య అవుతుంది. అభ్యర్థి కులమైనా ఓటరు కులమైనా ఒకటేనని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది.

గడప ఎక్కేముందు చేతిలో రెండు కాగితాలు ఉండాలి. ఒకటి అభ్యర్థి తన ఆస్తులు, కేసుల గురించి ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్ ప్రింటు. రెండోది, ఆయన మీద క్రిమినల్ కేసులుంటే, పార్టీ ప్రకటించిన సి-7 ఫారం. సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి తీర్పు ప్రకారం కేసులున్న మనిషిని ఎందుకు ఎంచుకున్నారో, కేసుల్లేనివాళ్లను ఎందుకు కాదన్నారో పార్టీ రాసి ప్రచురించాలి. ఎంపికైన 48 గంటల్లో ఆ పని జరగాలి. అర్హత, చేసిన పని చూపించాలే తప్ప ‘గెలుస్తాడు’ అంటే చెల్లదు. మీ వీధివాళ్లు అడిగే ప్రశ్నకు పార్టీ అధికారికంగా ఇచ్చిన జవాబు అదే. అయినా చాలామంది బూత్ కార్యకర్తలు ఆ కాగితం మొహమే చూడరు.

ఇంటింటికీ తిరగడం కంటే అపార్ట్‌మెంట్ సెల్లార్లోనో, ఒకరి వరండాలోనో పది పదిహేను కుటుంబాలను సాయంత్రం ఏడింటికి కూర్చోబెట్టడం మేలు. మీరు ఐదు నిమిషాలు మాట్లాడండి, మిగతా అరగంట వాళ్లకు వదిలేయండి. జవాబు తెలియని ప్రశ్నను నోట్‌బుక్‌లో ఫ్లాట్ నంబరుతో సహా రాసుకుని రెండు రోజుల్లో మళ్లీ వెళ్లండి. ఆ రెండోసారి వెళ్లడమే మీ మీద నమ్మకం నిలబెడుతుంది.

మీ ప్రాంతంలో ఏ మాట మొదలెట్టినా 2024 సెప్టెంబరు బుడమేరు వాగు వరద దగ్గరికే వస్తుంది. ‘మళ్లీ నీళ్లొస్తే ఏం చేస్తాడు?’ అంటారు. ‘అంతా ఆయనే చూసుకుంటారు’ అనకండి. గండ్లు, కట్టలు జలవనరుల శాఖవి. వీధి కాలువ పూడిక కార్పొరేషన్ పని. పరిహారం జాబితా రెవెన్యూవాళ్లది. ఎమ్మెల్యే వీటి వెంటపడగలడు, నిధులు అడగగలడు, సభలో నిలదీయగలడు. ఈ మూడింటిలో ఏది చేస్తాడో అభ్యర్థి దగ్గర ముందే రాయించి తీసుకుని, ఆ కాగితమే చదివి వినిపించండి.

టికెట్ రాని మనిషిని తక్కువ చేసి మాట్లాడకండి. మీ ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆయన్ను అభిమానించేవాళ్లే. ఇంకో సంగతి, జాబితాలో పేరు వచ్చినంత మాత్రాన అయిపోలేదు. అసెంబ్లీ ఎన్నికల్లో నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా అభ్యర్థి తమవాడేనని పార్టీ ఇచ్చే ఏ ఫారం, బీ ఫారం సిరా సంతకాలతో రిటర్నింగ్ అధికారికి చేరాలి. చివరి నిమిషంలో బీ ఫారం చేతులు మారితే, వారం రోజులుగా ఒక పేరు చెప్పిన మీరు వీధిలో తలెత్తుకోలేరు. అప్పటిదాకా ‘పార్టీ ప్రకటించిన అభ్యర్థి’ అనే చెప్పండి.

ప్రశ్న: కృష్ణలంకలో ఉంటాను. పార్టీవాళ్లు వచ్చి ‘మా అభ్యర్థి నిప్పు’ అంటారు, అవతలివాళ్లు ‘ఐదేళ్లలో ఆస్తి ఐదింతలైంది’ అంటారు. అఫిడవిట్‌లో ఏం చూసుకోవాలి?

జవాబు: అసెంబ్లీ, లోక్‌సభ అభ్యర్థులు ఇచ్చేది ఫారం 26. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో దొరుకుతుంది, రిటర్నింగ్ అధికారి నోటీసు బోర్డు మీదా పెడతారు. చివర్లో ఉండే సంక్షిప్త పట్టిక చదివి ఆగిపోకండి. అసలు విషయం లోపలి పేజీల్లో ఉంటుంది.

ఆస్తుల భాగంలో ప్రతి భూమికీ సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కొనుగోలా, కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి మార్కెట్ విలువ ఉంటాయి. కిందటి ఎన్నికల అఫిడవిట్ తీసి పక్కన పెట్టుకోండి. అదే సర్వే నంబరులో అదే 2 ఎకరాలు అప్పుడు 40 లక్షలు, ఇప్పుడు 2 కోట్లు అని ఉంటే అది ఐదింతలే, కానీ పెరిగింది భూమి ధర. మన చుట్టుపక్కల ఇది మామూలే. కిందటిసారి లేని భవనం కోటిన్నరకు కొన్నట్టు కనిపిస్తే మాత్రం అక్కడ ఆగండి. ఐదేళ్ల ఐటీ రిటర్నుల ఆదాయం అదే ఫారంలో ఉంటుంది. అది మొత్తం 30 లక్షలే అయి, అప్పుల భాగం ఖాళీగా ఉండి, పాతవేవీ అమ్మినట్టు లేకపోతే, డబ్బు ఎక్కడిదని మీ ఇంటికొచ్చిన కార్యకర్తను అడగండి. అడగవలసిన ప్రశ్నే అది. భార్య లేదా భర్త, ఆధారపడినవాళ్ల ఆస్తులు కూడా ఇందులో ఉంటాయి. సొంత సంపాదన ఉన్న కొడుకూ కూతుళ్ల ఆస్తులు రావు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

కేసుల విషయంలో ఎన్ని అన్నది కాదు, ఏ సెక్షన్లో చూడండి. రాస్తారోకో చేసినందుకు పెట్టిన కేసు వేరు, మోసమో దాడో వేరు. అభియోగాలు నమోదయ్యాయో లేదో కూడా రాయాలి. కేసు పెండింగులో ఉంటే పోటీకి అడ్డు లేదు. రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే అనర్హత, విడుదలయ్యాక మరో ఆరేళ్లు అది కొనసాగుతుంది. తప్పుడు అఫిడవిట్‌కు ఆరు నెలల వరకు జైలు.

కార్పొరేటర్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. అక్కడి ఫారాలు, గడువులు వేరు, వీటితో కలపకండి.

ప్రశ్న: పొత్తులో మా సీటు వేరే పార్టీకి పోయింది. మా కొత్తపేటలో ముసలివాళ్లకు మా గుర్తే అలవాటు. మెషీన్ మీద అది లేకపోతే తికమకపడరా? (గుంటూరు)

జవాబు: పడతారు. 2024లో విజయవాడ పశ్చిమ సీటు పొత్తులో బీజేపీకి వెళ్లినప్పుడు టీడీపీ, జనసేన కార్యకర్తలు కూడా కమలం గుర్తే చెప్పుకుంటూ తిరగాల్సి వచ్చింది. ‘మన గుర్తు ఈసారి ఉండదు’ అన్న మాటతోనే మొదలుపెట్టండి. పొత్తు గొప్పతనం తర్వాత చెప్పుకోవచ్చు.

మెషీన్ మీద అభ్యర్థి వరస నంబరు నామినేషన్ల ఉపసంహరణలు ముగిశాకే తేలుతుంది. గుర్తింపు పొందిన పార్టీలు ముందు, నమోదైన మిగతా పార్టీలు తర్వాత, చివర స్వతంత్రులు, ప్రతి గుంపులో పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి. అదే పేరున్న స్వతంత్రుడు ఉంటే ఫొటో చూసి నొక్కమనండి. లోక్‌సభ, అసెంబ్లీ కలిసి వస్తే రెండు మెషీన్లుంటాయి. లోక్‌సభ బ్యాలెట్ కాగితం తెలుపు, అసెంబ్లీది గులాబీ. రంగు చెబితే పెద్దవాళ్లకు బాగా గుర్తుంటుంది. నమూనా మెషీన్ చూపించవచ్చు, అయితే అసలుదానిలో సగం సైజులో ఉండాలి, మీ అభ్యర్థి పేరు, గుర్తు మాత్రమే ఉండాలి. నొక్కాక వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే యంత్రం) అద్దంలో చీటీ 7 సెకన్లు కనిపిస్తుందని, అది చూసే బయటికి రమ్మని చెప్పండి.

ప్రశ్న: అభ్యర్థి గురించి నాలుగు ముక్కలు రాసి వెయ్యి కరపత్రాలు వేయిద్దామనుకుంటున్నాం. అభ్యంతరమా? (పటమట)

జవాబు: కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా లేకపోతే ఆరు నెలల వరకు జైలో, 2,000 రూపాయల వరకు జరిమానానో, రెండూనో. ప్రెస్సువాళ్లకు మీరు ఇద్దరు సాక్షులతో రెండు ప్రతుల డిక్లరేషన్ ఇవ్వాలి. ఖర్చు అభ్యర్థి లెక్కలో చేరుతుంది, కాబట్టి ఆయన ఎన్నికల ఏజెంటుకు ముందే చెప్పండి. అవతలి అభ్యర్థి వ్యక్తిగత జీవితం మీద రుజువులేని మాట ఒక్కటి కూడా రాయకండి, గెలిచిన ఎన్నికే కోర్టులో పోవచ్చు.

ప్రశ్న: మా డివిజన్‌లో కార్పొరేటర్ టికెట్ ఆశావహుడికి ముగ్గురు పిల్లలు. పోటీకి పనికిరాడని ఎదుటివాళ్లు చెబుతున్నారు. (భవానీపురం)

జవాబు: పాత నిబంధన అది. స్థానిక సంస్థల ఎన్నికల్లో ఇద్దరు పిల్లల షరతును తీసేస్తూ 2024 నవంబరులో మన శాసనసభ బిల్లులు ఆమోదించింది. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో ఆ షరతు ఎప్పుడూ లేదు. అయితే మీ డివిజన్ మహిళలకు రిజర్వు అయితే ఆయనకు ఎలాగూ కుదరదు. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే, కాబట్టి రిజర్వేషన్ల జాబితా వచ్చేదాకా ఆయన పేరు వీధిలో తిప్పకండి.