కార్డు రంగు సంగతి తర్వాత, ముందు బాపు కాలు చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. మా బాపుకు 62 ఏళ్లు. 2021లో కరోనా వచ్చి తగ్గాక షుగర్ బయటపడింది. రెండు నెలలుగా పాదాలు మొద్దుబారినట్టు ఉన్నాయంటున్నాడు. ఎడమ కాలి బొటనవేలి కింద పుండు పడి మూడు వారాలైనా మానలేదు. నొప్పి మాత్రం లేదంటాడు. గోళీలు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మానేస్తాడు. దవాఖానకు పోదామంటే 'మన కార్డు ఎక్కడ నడుస్తదో ఏమో, ఆగు' అంటాడు. వరంగల్‌లో ఉండే మా బావ వచ్చినప్పుడల్లా మామా అల్లుళ్లకు ఒకటే వాదన. సర్కారే అందరికీ ఉచితంగా వైద్యం ఇవ్వాలి, కరోనాతో అదే తెలిసొచ్చింది అని బాపు. ఇటలీలో అందరికీ ఉచితమే కదా, అక్కడ జనం రాలిపోలేదా, ఎవరి ఇన్సూరెన్స్ వాళ్లు కట్టుకోవాలి అని బావ. బాపుకు ఏం చేయాలి? ఇద్దరిలో ఎవరిది కరెక్ట్?
– ఒక పాఠకురాలు, సిరోంచ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టిన మాట 'నొప్పి లేదంటాడు' అన్నది. షుగర్ చాలాకాలం అదుపులో లేకపోతే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి. ముల్లు దిగినా, చెప్పు కరిచినా తెలియదు. తెలియదు కాబట్టి అదే కాలితో చేనుకు నడుస్తారు, నడిచిన ప్రతిసారీ పుండు మళ్లీ నలుగుతుంది. నొప్పి ఉన్నవాళ్లు రెండో రోజే దవాఖానకు వస్తారు. నొప్పి లేనివాళ్లు నెల తర్వాత వస్తారు, అప్పటికి ఎముక దాకా పోయి ఉంటుంది.

ఈ రాత్రే ఫోన్ టార్చి వేసి పాదం అడుగు, వేళ్ల సందులు చూడండి. పుండు అంచులు నల్లబడ్డా, వాసన వస్తున్నా, ఎరుపు పైకి పాకుతున్నా, పాదం వాచినా, చలిజ్వరం ఉన్నా తెల్లారేదాకా కూడా ఆగొద్దు. ఇవేవీ లేకపోయినా రెండు మూడు రోజుల్లో చూపించాల్సిందే. డాక్టర్ సన్నని నైలాన్ దారంతో తాకి స్పర్శ ఎంత మిగిలిందో చూస్తారు, చీలమండ దగ్గర నాడి పట్టి రక్తం సరిగా వస్తోందా చూస్తారు. ఎక్స్‌రే, మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రాస్తారు. ఏదీ వద్దనకండి.

అప్పటిదాకా శుభ్రమైన నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టి, పొడి గాజుగుడ్డ కట్టండి. పసుపు, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. వేడినీళ్లలో కాలు ముంచొద్దు, స్పర్శ లేని కాలు కాలినా తెలియదు. ఆ కాలి మీద బరువు మోపనివ్వకండి. ఇంకోటి, బాపు చెప్పులు తెచ్చి లోపల చేయి పెట్టి తడిమి చూడండి. నా దగ్గరికొచ్చిన ఒక రైతు చెప్పులో చిన్న మేకు పైకి తేలి ఉంది. ఎనిమిది రోజులు దాని మీదే నడిచాడు పాపం, పుండు ఎందుకు మానట్లేదో చూడమని వచ్చాడు.

కరోనా తర్వాత షుగర్ బయటపడటం 2021లో మేం చాలామందిలో చూశాం. కొందరికి అంతకుముందే ఉంది, పరీక్ష చేయించుకోక తెలియలేదు. కొందరికి అప్పుడు ఇచ్చిన స్టెరాయిడ్లతో పెరిగి, తర్వాత పూర్తిగా దిగలేదు. కారణం ఏదైనా గోళీ రోజూ పడాలి. రెండు రోజులు మానేసి మూడో రోజు మూడూ కలిపి వేసుకునేవాళ్లూ ఉన్నారు, అది మరీ ప్రమాదం. పుండు ఉన్నన్నాళ్లు డాక్టర్ ఇన్సులిన్‌కు మార్చవచ్చు. 'ఇన్సులిన్ పడితే ఇక ఆఖరే' అని ఎవరో ఒకరు అంటారు, వినకండి.

ఇక మామా అల్లుళ్ల పంచాయితీ.

ఇటలీ వాదన మీ బావ సొంతది కాదు. 2020 మార్చి 15న అమెరికా డెమోక్రాటిక్ పార్టీలో అధ్యక్ష ఎన్నికకు పోటీపడేవాళ్ల టీవీ చర్చలో బెర్నీ శాండర్స్ 'అందరికీ మెడికేర్', అంటే అందరికీ సర్కారు బీమా కావాలంటే, జో బైడెన్ ఇచ్చిన జవాబు అదే: ఇటలీలో ఆ పద్ధతే ఉంది, అక్కడ పనిచేయట్లేదు కదా అని. వినడానికి బాగుంటుంది. కానీ ఇటలీలో రోగం తగ్గి ఇంటికెళ్లినవాళ్ల చేతిలో ఎవరూ బిల్లు పెట్టలేదు. అమెరికాలో మాత్రం కరోనా టెస్టు ఉచితంగా చేయించడానికే ఆ చర్చ అయిన మూడు రోజులకు ఒక చట్టం తేవాల్సి వచ్చింది. అయితే ఇటలీలో లోపమూ ఉంది. అక్కడి లొంబార్డీ ప్రాంతంలో వైద్యమంతా పెద్దాసుపత్రుల చుట్టే తిరిగింది, ఇళ్ల దగ్గర చూసే వ్యవస్థ కావాలి అని అదే ప్రాంతంలోని బెర్గామో డాక్టర్లే అప్పట్లో రాశారు. బావ ఇటలీ పేరెత్తినప్పుడు, తప్పు ఉచితానిదా, ఇళ్ల దగ్గర చూసే వ్యవస్థ లేకపోవడానిదా అని బాపు అడగాలి. థాయ్‌లాండ్‌లో 2002 నుంచి అందరికీ వైద్యం పథకం ఉంది, మొదట్లో ఒక్కో విజిట్‌కు 30 బాత్‌లు. దాంతోపాటు మన ఆశాల్లాంటి ఊరి వాలంటీర్లు పది లక్షల మందికి పైగా ఉన్నారు. 2020లో ఇంటింటికీ తిరిగింది వాళ్లే.

బాపు వాదనలోనూ చిక్కుంది. 'అందరికీ' అని మీ మహారాష్ట్ర సర్కారు 2020 మేలోనే చెప్పింది. ఆసుపత్రి ఖర్చు భరించే మహాత్మా ఫులే జన ఆరోగ్య పథకాన్ని పసుపు, కేసరి రేషన్ కార్డులతో ఆపకుండా తెల్ల కార్డు వాళ్లకూ తెరిచింది. అదే నెలలో ప్రైవేటు ఆసుపత్రుల్లో 80 శాతం పడకలకు రేటు కట్టింది: వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000 రూపాయలు. తర్వాతి నెల తెలంగాణ ప్రకటించిన రేట్లూ అచ్చం ఇవే. గోదావరికి అటూ ఇటూ రేటు ఒకటే అయింది, కార్డు మాత్రం ఒకటి కాలేదు. ఆ తెల్ల కార్డే చూడండి. మీ దగ్గర అది డబ్బున్నవాళ్ల కార్డు, మా తెలంగాణలో తెల్ల కార్డంటే పేదవాడి కార్డు. బంధువుల మాట విని 'తెల్ల కార్డు ఉంది సార్' అంటూ వచ్చి కౌంటర్ దగ్గర తెల్లబోయినవాళ్లను చూశాను.

2021 మేలో నది దాటి ఒక పెద్దాయన్ను తీసుకొచ్చారు. మరాఠీ అక్షరాల కార్డును రిజిస్ట్రేషన్‌లో అబ్బాయి అటూ ఇటూ తిప్పి, 'ఇది మా సిస్టంలో రాదు' అన్నాడు. కొడుకు బయట చెట్టు కింద నిలబడి మిర్చి కొనే సేటుతో ఫోన్‌లో అడ్వాన్స్ మాట్లాడుకున్నాడు. ఆ నెలలోనే ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపితే హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇవ్వాల్సి వచ్చింది. ఆరోగ్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. ఎన్నికల్లో ఎవరి పథకం వాళ్లకు గొప్ప. మీలాంటి సరిహద్దు ఊళ్లకు అదే తలనొప్పి. ఏ రాష్ట్రం అని అడగకుండా అందరికీ దొరికిన వైద్యం ఆ రెండేళ్లలో టీకా. అదీ తిన్నగా రాలేదు, 18 దాటిన అందరికీ కేంద్రమే ఉచితం చేసింది 2021 జూన్ 21 నుంచి.

నాకైతే ఇద్దరి మీదా ఒక ఫిర్యాదుంది. ఇద్దరూ మాట్లాడేది ఆసుపత్రి బిల్లు గురించి. ఈ కార్డులన్నీ ప్రధానంగా అడ్మిట్ అయితేనే పనికొస్తాయి. కేంద్రం పథకం ఆయుష్మాన్ భారత్ ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా ఇస్తుంది, కానీ రోజూ వేసుకునే షుగర్ గోళీకి పైసా ఇవ్వదు. బావ చెప్పే ప్రైవేటు పాలసీలూ చాలావరకు అంతే. పైగా ముందునుంచి ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, మీ బాపు పుండు అన్నాళ్లు ఆగదు. గోళీ లేక పుండు పడుతుంది, పుండు ముదిరి వేలు తీసేటప్పుడు కార్డు బ్రహ్మాండంగా నడుస్తుంది! ముప్పై దాటిన వాళ్లకు షుగర్, బీపీ పరీక్షలు, గోళీలు మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇవ్వాలి. మీ వాడ ఆశాను అడిగి బాపు పేరు రాయించండి. స్టాకు లేదంటే ఎప్పుడొస్తుందో అడిగి, ఆ రోజు మళ్లీ వెళ్లండి. అడిగేవాళ్లు లేని చోట స్టాకు రావడం ఆలస్యమవుతూనే ఉంటుంది, ఇది నా అనుభవం.

మొదట సిరోంచ సర్కారు దవాఖానలోనే చూపించి డ్రెస్సింగ్, యాంటీబయాటిక్ మొదలుపెట్టించండి. దానికి ఏ కార్డూ అక్కర్లేదు. పుండు లోతుగా ఉంది, సర్జన్ చూడాలి అంటే గడ్చిరోలి మీకు రెండు వందల కిలోమీటర్ల పైనే, వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రి అంతకంటే దగ్గర. అదీ సర్కారుదే, కార్డు కోసం ఆగే పని లేదు. ప్రైవేటుకే వెళ్లాల్సి వస్తే మీ చేతిలో ఉన్నది ఆయుష్మాన్ కార్డేనా చూసుకోండి. అది పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. రాష్ట్ర పథకం ఒక్కటే ఉంటే పక్క రాష్ట్రంలో నడుస్తుందని నమ్మి బయల్దేరకండి. ముందు ఫోన్ చేసి అడగండి: ఆయుష్మాన్ కార్డుకు 14555, మీ రాష్ట్ర పథకానికి 155388. రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి.

వరంగల్ వెళ్లాల్సి వస్తే బావకు కబురు పెట్టండి, ఎంజీఎంలో ఓపీ చీటీ ఆయన పొద్దున్నే రాయించి పెడతారు. ఇటలీ సంగతి లైన్లో నిలబడి మాట్లాడుకోవచ్చు. బాపును మాత్రం నిలబెట్టకండి, కుర్చీ అడిగి కూర్చోబెట్టండి, కాలు కింద పెట్టనివ్వకండి.