గైడ్ పేరు పక్కన ఉన్న నంబర్లు చూసి చేరవచ్చా?

ప్రశ్న: అమ్మా, మాది ఒంగోలు. ఉద్యోగం వల్ల చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా చిన్నమ్మాయి ఎమ్మెస్సీ జెనెటిక్స్ చేసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంది. పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్లు రమ్మన్నారు. ఒకాయన షుగర్ వ్యాధికి సంబంధించిన జన్యువుల మీద పని చేస్తారు. గూగుల్ స్కాలర్‌లో ఆయనకు 9,000 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 31. రెండో ఆవిడ పండ్ల ఈగల మీద చేస్తారు. ఆవిడకు 1,400, 17. ఆవిడ పేపర్లు వచ్చే పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా మూడూ నాలుగేనట. పెద్దల్లుడు ఆయన దగ్గరే చేరమంటాడు. పిల్లకేమో ఈగల ల్యాబ్ మీద మనసు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: అన్నయ్యగారూ, నేను ఈ ఊళ్లోనే ఈగల ల్యాబ్‌లో పని చేసి రిటైరయ్యాను. నాకు ఆవిడ వైపు మొగ్గు ఉంటుంది, అది గుర్తుపెట్టుకునే చదవండి.

హెచ్-ఇండెక్స్ 17 అంటే, ఒక్కొక్కటీ కనీసం 17 సార్లు వేరే పేపర్లలో ప్రస్తావన (సైటేషన్ అంటే అదే) పొందిన పేపర్లు 17 ఉన్నాయని. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన లెక్క ఇది. వయసుతోపాటు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. కాబట్టి ఇద్దరూ సొంత ల్యాబ్ ఏ సంవత్సరం మొదలుపెట్టారో ముందు చూడండి.

ఇక 9,000 సంగతి. మనుషుల జన్యువుల మీద పనిలో, అనేక దేశాల బృందాలు కలిసి లక్షల మంది డీఎన్ఏ పరిశీలించి ఒకే పేపర్ వేస్తాయి. అందులో వందకు పైగా పేర్లుంటాయి. శాంపిళ్లు ఇచ్చినవారికీ, విశ్లేషణ మొత్తం నడిపినవారికీ సైటేషన్లు ఒకేలా పడతాయి. ఇలాంటి రెండు పేపర్లతోనే మొత్తం ఐదారు వేలు పెరగొచ్చు, హెచ్-ఇండెక్స్‌కు మాత్రం అవి రెండు పేపర్లే. ఆ పని చిన్నదని నేను అనను. షుగర్ లాంటి జబ్బుకు అంతమంది కలవకపోతే చిన్న చిన్న జన్యు ప్రభావాలు దొరకవు. కానీ వాటిని తీసేసి, ఆయన ల్యాబ్‌లోనే జరిగిన పని ఎంతో అమ్మాయిని చూడమనండి. స్కాలర్ పేజీలో పేర్ల చివర చుక్కలున్న పేపర్లను తెరిస్తే తెలిసిపోతుంది.

ఈగల పని వేగం వేరు. 25 డిగ్రీల దగ్గర గుడ్డు ఈగ కావడానికి పది రోజులు. కావలసిన జన్యుమార్పులన్నీ ఒకే ఈగలోకి రావాలంటే తరం తర్వాత తరం క్రాసులు వేయాలి, అంటే ఎంచుకున్న ఈగలను జతకట్టించాలి. అందుకే పేపర్ రావడానికి సమయం పడుతుంది. ఈ రంగంలో మనుషులూ తక్కువ, ప్రస్తావించే పేపర్లూ తక్కువ.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే పత్రికలోని పేపర్లకు పడే సైటేషన్ల సగటు, ఒక్కో పేపర్‌కు వచ్చే మార్కు కాదు. ‘జెనెటిక్స్’ పత్రిక 1916లో మొదలైంది. జన్యువులు క్రోమోజోముల మీదే ఉంటాయని కాల్విన్ బ్రిడ్జెస్ ఈగలతో రుజువు చేసిన పేపర్ దాని మొదటి సంచికలో వచ్చింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెద్దది కాకపోయినా, అందులో పేపర్ పడితే మావాళ్లు ఇప్పటికీ గౌరవంగా చూస్తారు.

నేనైతే అన్నిటికంటే ముందు చూసేది పేపర్‌లో మొదటి పేరు. మా రంగంలో చివరి పేరు సాధారణంగా ల్యాబ్ పెద్దది, మొదటిది చేతులారా పని చేసినవారిది, ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థిది. పేజీని సంవత్సరాల వారీగా పెట్టి గత పదేళ్ల పేపర్లు చూడమనండి. విద్యార్థుల పేర్లు మొదట వస్తున్నాయా? ఒక్కరే మళ్లీ మళ్లీ కనిపించి మిగతావాళ్లు మధ్యలో ఇరుక్కుపోయారా? మన దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వాళ్ల థీసిస్‌లు దొరికితే ఆ పేర్లతో పోల్చమనండి. థీసిస్ ఇచ్చిన పిల్లకు మొదటి పేరుతో ఒక్క పేపర్ కూడా లేకపోతే, అలా ముగ్గురు నలుగురు ఉంటే, గైడ్‌కి ఎన్ని వేల సైటేషన్లున్నా నేను నా కూతుర్ని పంపను. పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి) దరఖాస్తు పెట్టేటప్పుడు అడిగేది ఆమె పేపర్లనే కదా.

ఆ తర్వాత అమ్మాయి రెండు ల్యాబ్‌లకూ వెళ్లి, గైడ్ లేనప్పుడు సీనియర్లతో మాట్లాడాలి. ప్రయోగం ఫలించకపోతే గైడ్ ఏమంటారు, పేపర్ రాయడం ఎవరు నేర్పిస్తారు, ఎన్నేళ్లకు బయటపడుతున్నారు అని అడగాలి. అల్లుడిగారిని కూడా ఆ మొదటి పేర్లు చూడమనండి. ఆవిడ విద్యార్థుల పేపర్లు సరిగ్గా ఉంటే, పిల్లకి మనసున్న ఈగల ల్యాబ్‌లోనే చేర్పించండి.