అత్తగారి రాగి కెటిల్‌లో టీ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా అత్తగారి దగ్గర వాళ్ల అమ్మగారి నాటి రాగి కెటిల్ ఉంది. లోపల కళాయి (తగరపు పూత) అక్కడక్కడా పోయి ఎర్రగా కనిపిస్తోంది. కొమ్ము అతికిన చోట బూడిదరంగు గీత ఉంది. టీ అందులోనే పెట్టాలంటారు. "ఇన్నేళ్లూ తాగాం, మాకేమైంది?" అని ఆవిడ వాదన. మూడేళ్ల పాప పాలపొడికి కూడా అందులోనే నీళ్లు కాస్తున్నారు. నాకేమో టెన్షన్. ఏం చెయ్యమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు పాపకు ఆ నీళ్లు ఆపించండమ్మా, ఇవాళే. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

లోహాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసినన్నాళ్లూ మీ అత్తగారి వాదన చాలామంది నోట విన్నాను. రాగి వరకూ అందులో కొంత నిజముంది. నీళ్లలో రాగి బాగా ఎక్కువైతే సాధారణంగా మనకే తెలుస్తుంది. నోట్లో లోహపు రుచి, వికారం, కడుపునొప్పి, వాంతులు వస్తాయి. సీసం అలా బయటపడదు. రుచి మారదు, వాసన రాదు, కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరి ఏళ్ల తరబడి ఎముకల్లో ఉండిపోతుంది. "మాకేమీ కాలేదు" అని ఎవరూ చూసి చెప్పగలిగేది కాదది. పైగా మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పసిపిల్లల ఒంటికి పడుతుంది. దెబ్బ తగిలేది ఎదిగే మెదడుకి.

అందుకే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఎర్రటి మచ్చలు కాదు, ఆ బూడిదరంగు గీత. అది టంకం, అంటే లోహపు ముక్కల్ని అతకడానికి కరిగించి పోసే లోహం, అయివుంటుంది. పాతకాలపు టంకంలో తగరం, సీసం కలిపేవారు. మామూలు తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సుమారు 37 శాతం సీసం కలిపితే 183 దగ్గరే కరిగి సులువుగా పారుతుంది. పనివాడికి హాయి, తాగేవాడికి ముప్పు. కళాయిలోనూ ఇదే కల్తీ జరగొచ్చు. కాబట్టి మళ్లీ కళాయి పెట్టిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, అది అచ్చమైన తగరమేనా, టంకం మాటేమిటి అని అడగండి. ఈ రెంటికీ సమాధానం దొరక్కపోతే పెట్టించడం దండగ.

మరిగిస్తే సీసం పోతుందనుకోవద్దు. ఆవిరయ్యేది నీరు, సీసం అడుగునే మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది. టీకి సహజంగానే కొంచెం ఆమ్లగుణం ఉంది, నిమ్మరసం పిండితే అది బాగా పెరిగి లోహాన్ని ఇంకా లాగుతుంది. రాత్రంతా కెటిల్‌లో నిలవున్న నీళ్లు అన్నిటికన్నా చెడ్డవి.

ఖచ్చితంగా తేల్చుకోవాలంటే ఆ నిలవ నీళ్లనే ఒక సీసాలో, కుళాయి నీళ్లు ఇంకో సీసాలో పట్టి నీటి పరీక్షల ల్యాబ్‌కి ఇవ్వండి. రెండోది ఎందుకంటే, తప్పు కెటిల్‌దో పైపులదో తెలియాలిగా. లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాములు, రాగి 2 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సీసం విషయంలో అది సర్దుబాటు అంకె మాత్రమే. ఇంత వరకూ ఫర్వాలేదనే మోతాదు ఏదీ ఇంతవరకూ తేలలేదు. పాపకు రక్తంలో సీసం పరీక్ష అవసరమా అని పిల్లల డాక్టరుని ఒకసారి అడగండి.

కెటిల్ పారెయ్యమని మాత్రం అత్తగారితో అనకండి. అమ్మ ఇచ్చిన వస్తువు కదా, షోకేసులో పెట్టుకోమనండి. టీకి స్టీలు కెటిల్ కొనండి.

ప్రశ్న: మా పాత అల్యూమినియం కెటిల్ లోపల నల్లబడింది. ప్రమాదమా? – మరో పాఠకుడు

జవాబు: ఆ నలుపుతో ప్రమాదం లేదండీ. నీళ్లలోని ఖనిజాలతో కలిసి అల్యూమినియం మీద ఏర్పడే పొర అది. పీచుతో గీకి తళతళలాడించాలని చూడకండి, గీకినప్పుడే కొత్త లోహం బయటపడి నీళ్లలో కలుస్తుంది. అల్యూమినియం వల్ల మతిమరుపు జబ్బు వస్తుందన్న మాట రుజువు కాలేదు. అయితే తయారీదారు గుర్తు లేకుండా, తుక్కు కరిగించి పోతపోసిన రకమైతే మాత్రం దాన్ని వాడకండి. అలాంటి వాటిలో సీసం కలిసివుండే అవకాశం ఉంది, చూసి చెప్పలేం.