అమెరికా జైళ్లలో నల్లజాతి మగవాళ్లే ఎందుకు ఎక్కువ? నేరాలు ఎక్కువ చేస్తారు కాబట్టేనా?

నేనూ చాలాకాలం మీలాగే అనుకున్నాను. ఇక్కడ అమెరికాలో, మా ఊళ్లో తెలుగువాళ్ల పొట్లక్‌లలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు, మిగతావాళ్లం తలూపుతూ బిర్యానీ వడ్డించుకుంటాం. సిటిజన్‌షిప్ వచ్చిన మరుసటి ఏడాది నాకు జ్యూరీ డ్యూటీ పడింది, అంటే ముద్దాయి దోషా కాదా అని తేల్చే మామూలు పౌరుల్లో ఒకరిగా కూర్చోడానికి కోర్టు నుంచి పిలుపు. అక్కడ ఆ నమ్మకం కాస్త సడలింది.

జ్యూరీ ఎంపిక కోసం కోర్టు హాల్లో నలభై మందిమి దాకా ఉన్నాం. ముద్దాయి నల్లజాతి కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో. కోటు ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టు భుజాల దగ్గర జారిపోతోంది. "మిమ్మల్ని గానీ మీ ఇంట్లోవాళ్లని గానీ పోలీసులు ఎప్పుడైనా అరెస్టు చేశారా?" అని ప్రభుత్వం తరఫు లాయరు, అంటే ప్రాసిక్యూటర్, అడిగాడు. నా పక్కన కూర్చున్న పోస్టాఫీసు ఉద్యోగి, యాభై దాటిన నల్లజాతి ఆవిడ, చెయ్యెత్తింది. ఆ హాల్లోని నల్లజాతివాళ్లు చాలామంది ఎత్తారు. నేను ఎత్తలేదు. సాయంత్రానికి ఆవిడని ఇంటికి పంపేసి నన్ను ఉంచారు.

జ్యూరీ ఎంపికలో ఇరుపక్షాల లాయర్లూ కొంతమందిని కారణం చెప్పకుండానే వద్దనొచ్చు. రంగు చూసి తీసేయకూడదని సుప్రీంకోర్టు 1986లోనే బాట్సన్ కేసులో చెప్పింది. అయితే ఎవరైనా అభ్యంతరం చెబితే, "ఈవిడ తమ్ముడు జైలుకెళ్లాడు" అన్నా చాలాచోట్ల సరిపోతుంది, రంగు ఊసే ఎత్తక్కర్లేదు. పోలీసులు ఎక్కువ తిరిగే పేటల్లోవాళ్లు ఆ కారణంగానే జ్యూరీకి దూరమవుతారు. ఇది గమనించే వాషింగ్టన్ రాష్ట్రం 2018లో అలాంటి కారణాలు మామూలుగా చెల్లవని రూలు పెట్టింది. అరిజోనా అయితే 2022 నుంచి కారణం చెప్పకుండా తీసేసే పద్ధతినే ఎత్తేసింది.

మిసిసిపీలో కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి మనిషి మీద ఒకే హత్యల కేసును ఒకే ప్రాసిక్యూటర్ ఆరుసార్లు నడిపాడు. ఆ ఆరింటిలో తీసేసే అవకాశమున్న నల్లజాతి జ్యూరర్లు 42 మంది, తీసేసింది 41 మందిని. 2019లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది, 2020లో కేసే ఎత్తేశారు. ఈలోపు అతను దాదాపు 23 ఏళ్లు జైల్లో ఉన్నాడు.

ఇక "నేరాలు ఎక్కువ చేస్తారు" అన్నదానికి. హత్య కేసుల లెక్కల్లో తేడా ఉంది, కాదనను. కానీ మత్తుమందుల వాడకంలో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ పెద్ద తేడా లేదని సర్వేలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. 1986 నాటి మత్తుమందుల చట్టం మాత్రం 5 గ్రాముల క్రాక్‌కీ (పొగ పీల్చడానికి గడ్డలుగా చేసిన కొకైన్) 500 గ్రాముల కొకైన్ పొడికీ ఒకటే శిక్ష పెట్టింది, కనీసం అయిదేళ్లు. క్రాక్ కేసుల్లో శిక్షపడ్డవాళ్లు ఎక్కువగా నల్లజాతివాళ్లే. 2010లో ఆ తేడాను వంద రెట్ల నుంచి 18 రెట్లకు తగ్గించారు.

మర్నాడు మేం వెళ్లేసరికి విచారణ లేదన్నారు. కుర్రాడు, తక్కువ శిక్షకు బదులుగా నేరం ఒప్పుకునే ప్లీ బార్గెయిన్‌కి ఒప్పుకున్నాడట. జడ్జి థాంక్స్ చెప్పి మమ్మల్ని పంపేశారు. అతను ఆ నేరం చేశాడో లేదో నాకు తెలీదు. ముందురోజు సాయంత్రం అతను మావైపు చూసినప్పుడు జ్యూరీకి ఎంపికైన పన్నెండు మందిలో నల్లజాతి మనిషి ఒక్కరే ఉన్నారు.